బంతి పడే చోటు

ఈల మోగింది. గోల్ఫ్ మైదానంలో, గుంట చుట్టూ పెంచిన పట్టుగడ్డి మీద గొంతుక్కూచుని కలుపు తీస్తున్న ఆడవాళ్ళంతా లేచారు. పీకిన పోచల్ని కొంగులో వేసుకుని, పాత స్క్రూడ్రైవర్లు నడుముకు దోపుకుని, అరటి వరసల వెనక ఉన్న గట్టు చాటుకు పరుగు తీశారు. అక్కడ చిత్తేరి కొండలకేసి ముఖం తిప్పి కూచోవాలి. ఆటగాళ్ళు వచ్చి, కొట్టి, ముందుకు సాగిపోయేదాకా అంతే. వచ్చినవాళ్ళు ఆడుతూ ఫోటోలు తీసుకుంటారు. ఆ ఫోటోల్లో తలకు తువ్వాలు చుట్టుకుని, చీర మీద మగవాడి చొక్కా తొడుక్కున్న ఆడమనిషి పడితే అందం చెడిపోతుందట. ఎవరు కనిపెట్టారో ఆ అందాన్ని! ఆ గడ్డికి నునుపు తెచ్చింది వీళ్ళ వేళ్ళే అన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

యోగలక్ష్మికి పని మీద కోపం లేదు. నిజం చెప్పాలంటే ఆ చోటు మీద ఆమెకు ఇంతా అంతా మోజు కాదు. గేటు బయట కర్రపెండలం చేలు, నీళ్ళందక వదిలేసిన బోర్లు, దుమ్ము కొట్టుకుపోయిన వేపచెట్లు. గేటు దాటితే ఇంకో లోకం. ఎక్కడినుంచో లారీల మీద తెచ్చి నాటిన నున్నటి పామ్ చెట్లు, పువ్వులు విచ్చిన కొలను, పొద్దున్నే గిరగిర తిరుగుతూ నీళ్ళు చిమ్మే గొట్టాలు, ఆ తుంపరల్లో నిలబడే చిన్న ఇంద్రధనుస్సు. రోజూ చూసేదే అయినా, రోజూ గేటు దగ్గర ఒక క్షణం ఆగి నోరు తెరుచుకుని చూసేది. తక్కినవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆమె బాధల్లా ఒకటే. గట్టు చాటున కూచుంటే వెనక నుంచి 'టక్' మని వినిపిస్తుంది. ఆ తర్వాత ఏమీ వినిపించదు. ఆ నిశ్శబ్దంలో బంతి ఎంత ఎత్తుకు పోయిందో, ఏ చెట్టు దాటిందో, ఎక్కడ పడిందో తెలియదు. పనిలో చేరిన నాటి నుంచి ఆమె ఆ బంతిని ఆకాశంలో ఒక్కసారి కూడా చూడలేదు.

"ఏముంది లే యోగా చూసేదానికి?" అంది పక్కన కూచున్న నంజమ్మ, వక్క కొరుకుతూ. గుంపులో పెద్దది ఆమే. "కోడిగుడ్డంత బాలును కట్టెతో కొడ్తారు. మళ్ళా దాని వెనకాలే పోతారు. గొర్రెలు తోలేవోళ్ళు పోయినట్ల పోతారు. అంతే."

"నువ్వు చూసినావా అత్తా?"

"చూడలేదు. చెప్పినారు."

మళ్ళీ ఈల మోగింది. లేచి పనిలోకి పోవచ్చునని దాని అర్థం. ఈల ఊదేవాడు సెల్వకుమార్, మైదానం మేస్త్రి. చెడ్డవాడు కాడు. పైవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేసి, చెప్పనిది కూడా కాస్త కలిపి చేసే రకం.

ఆ సాయంత్రమే చీటీలు తీశారు. రిసార్ట్‌లో ఏడాదికొకసారి అతిథులూ పనివాళ్ళూ జంటలుగా ఆడే ఆట ఒకటుంది. అతిథి ఒకరు, పనివాడొకడు, ఇద్దరికీ కలిపి ఒకే బంతి. ఒక దెబ్బ ఆయనది, తర్వాతి దెబ్బ ఇతనిది. తొమ్మిది గుంటలూ తిరిగేసరికి ఎవరికి తక్కువ దెబ్బలైతే వాళ్ళు గెలిచినట్టు. అతిథికి వెండి కప్పు ఇస్తారు. పనివాడు మాత్రం మేనేజర్ని ఒక కోరిక కోరుకోవచ్చు, మేనేజర్ కాదనకూడదు. అదీ అక్కడి వాడుక. ఎప్పుడూ వంటవాళ్ళూ, వడ్డించేవాళ్ళూ, తోటమాలులూ మాత్రమే ఆడేవాళ్ళు. ఈసారి కొత్తగా వచ్చిన మేనేజరమ్మ జీవా, కాంట్రాక్టు ఆడవాళ్ళ పేర్లు కూడా కుండలో వేయించింది. సెల్వకుమార్ మొహం ముడుచుకున్నాడు.

తెల్ల మీసాల పెద్దాయన ఒకాయన కుండలో చెయ్యి పెట్టి చీటీ తీశాడు. జీవా అందుకుని చదివింది. యోగలక్ష్మి తన పేరు విని వెనక్కి తిరిగి చూసింది, ఇంకో యోగలక్ష్మి ఎవరైనా ఉందేమోనని.

"నిన్నే పిలిచేది!" నంజమ్మ వీపు మీద ఒక్కటి వేసింది.

ఆయన పేరు జయరామ. హోసూరు వైపు గ్రానైటు వ్యాపారమట. ఆయన దగ్గరికి వచ్చి తమిళంలో ఏదో అడిగాడు. యోగలక్ష్మి కంగారులో "అయ్యో దేవుడా, ఏం చేసేది ఇప్పుడు" అని తనలో తాను తెలుగులో అనుకుంది. పైకే వచ్చింది కాబోలు, పెద్దాయన మీసాలు విచ్చుకున్నాయి.

"మనోళ్ళేనా! ఏ ఊరమ్మా నీది?"

"ఏ. పళ్లిపట్టి సార్. బస్సు నిలిచేచోట దిగి లోపలికి పోవల్ల."

"ఎప్పుడైనా కర్ర పట్టినావా?"

"గడ్డపార పట్టినాను సార్."

ఆయన పెద్దగా నవ్వాడు. "దానికన్నా ఇది తేలికే. రేపు పొద్దున్నే రా. గెలిచేదానికే ఆడదాము, తెలిసిందా? నాకు కప్పంటే శానా ఆశ. ఎప్పుడూ రెండోవాడిగానే వస్తా ఉండాను."

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆడవాళ్ళంతా ఆమెను చుట్టుముట్టారు. గెలిస్తే ఏం కోరాలనుకుందో చెప్పే అవకాశమే ఆమెకు ఇవ్వలేదు.

"గట్టు చాటుకు తరమొద్దని అడుగు," అంది నంజమ్మ. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. "ఎండలో, ముళ్ళలో, పురుగూ పుట్రా ఉండే చోట ముకం తిప్పుకోని కూచునేది నాకు చేత కాదే. మేమేమన్నా దొంగతనం చేసినామా, దాంకునేదానికి? మా పని మేము చేస్తా ఉంటాము, వాళ్ళ ఆట వాళ్ళు ఆడుకోనీ. అది ఒక్కటి అడుగు."

యోగలక్ష్మి తల ఊపింది. ఆ తల ఊపడంతోనే గుండెలో రాయి పడింది. ఒక్కతే ఆడి ఓడిపోతే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఇప్పుడు గుంపంతా తన చేతిలోని కర్రకు వేలాడుతున్నట్టే.

ఇంట్లో కూతురు కవిప్రియ ఎగిరి గంతేసింది. "సూపర్ మా! వీడియో తీస్తారా?" అంటూ ఫోన్లో ఎవరెవరో ఆడేది చూపించింది. యోగలక్ష్మి చీపురు తిరగేసి పట్టుకుని, వాకిట్లో టమాటా పెట్టి గురి చూసింది. భర్త బాబు అన్నం ముందు కూచుని, "అది రేపటి కూరకు పెట్టినది, జాగ్రత్త" అన్నాడు. టమాటా కూరకు పనికిరాలేదు. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు.

పొద్దున్నే రిసార్ట్ వాళ్ళు ఆమెకు తెల్ల టోపీ, బూట్లు ఇచ్చారు. చీర మాత్రం చీరే. ఆ బూట్లతో నడుస్తుంటే కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంది. వాళ్ళకు పోటీగా, వాళ్ళతో పాటే తిరుగుతూ ఆడే జంట ముఖేశ్ అనే బెంగళూరు కుర్ర ఆసామీ, భోజనాల హాల్లో వడ్డించే ఏళుమలై. ఏళుమలై ఇస్త్రీ చెడకుండా నిలబడి కర్రను ట్రే మోసినట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ జయరామ కొట్టాలి. ఆయన బంతి ముందు నిలబడి, వెనక్కి తిరిగి మెల్లిగా చెప్పాడు. "చూడమ్మా, ఒకటి గుర్తు పెట్టుకో. ఎవరైనా కొట్టేటప్పుడు పక్కనోళ్ళు కదలగూడదు. మాట్లాడగూడదు. రాజైనా సరే, ఎక్కడ ఉన్నాడో అక్కడే నిలవల్ల. ఆటలో మర్యాద అది."

ఆమె ఊపిరి కూడా బిగబట్టింది. ఆయన కర్ర వెనక్కి లేచి, ఒక్క ఊపున దిగింది. టక్!

ఈసారి ముఖం తిప్పుకోనక్కర్లేదు. బంతి లేచింది. లేస్తూనే ఉంది. పామ్ చెట్ల తలలు దాటి, కొండ నీలంలోకి పోయి, అక్కడ ఇక కదలనట్టు ఒక క్షణం నిలబడింది. తెల్లటి చుక్క. తర్వాత దానికి ఏ తొందరా లేనట్టు, వంపు తిరిగి, పచ్చిక మీద దూరంగా పడి, రెండు గంతులు వేసి ఆగింది. యోగలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ తన వీపు వెనక జరిగింది ఇదా! ఇంత అందమైనదాన్ని చూడొద్దని కూచోబెట్టారా! ముందు ఆశ్చర్యం, దాని వెనకే కోపం, మళ్ళీ ఆశ్చర్యం. కోపానికి చోటు దొరకలేదు.

"నోరు మూసుకోమ్మా, ఈగలు పోతాయి," అన్నాడు జయరామ. "రా, ఇప్పుడు నీ వంతు."

ఆమె మొదటి దెబ్బ గాలికి తగిలింది. రెండోది నేలకు తగిలి, అరచెయ్యంత గడ్డి పెళ్ళ లేచి పడింది. ఆమె లబోదిబోమని పరిగెత్తి ఆ పెళ్ళ తెచ్చి, గుంతలో పెట్టి, పాదంతో అదిమింది. "అది సరే, అట్లనే చేయల్ల," అన్నాడు జయరామ, మీసాలు నిమురుకుంటూ. మూడో గుంట దగ్గరికి వచ్చేసరికి కర్ర ఆమె మాట కాస్త వినడం మొదలుపెట్టింది. బంతి ఒకసారి, ఒకే ఒక్కసారి, సరిగ్గా తగిలింది. అరచేతుల్లో ఏ అదురూ లేదు. వెన్నలో కత్తి దిగినట్టుంది. ఆ దెబ్బకు బంతి కొలను అంచు దాటి అవతల పడింది. ఆమె చుట్టూ చూసింది, ఎవరు కొట్టారా అన్నట్టు.

గుంట చుట్టూ ఉన్న పట్టుగడ్డి దగ్గరికి రాగానే ఆమె కాళ్ళు వాటంతటవే ఆగి, బూట్లు విప్పేశాయి. పైరున్న చేలోకి చెప్పులతో దిగే అలవాటు ఆమె ఇంట్లో ఎవరికీ లేదు. ఈ గడ్డి మీదికి కూడా ఆమె ఎప్పుడూ చెప్పులు బయట వదిలే వచ్చేది. ముఖేశ్ కనుబొమలు ఎగరేశాడు. విప్పకూడదన్న రూలేమీ లేదన్నాడు జయరామ. ఈ గడ్డిని ఇన్నాళ్ళూ అంగుళం అంగుళం తడిమాను గదా, ఇక్కడ మాత్రం నన్నెవరూ మించలేరనుకుంది ఆమె. వాలు కుడికని గట్టిగా చెప్పింది. బంతి నిక్షేపంగా ఎడమకు పోయింది. వేళ్ళతో తడమడం వేరు, బంతితో నడవడం వేరు. తన అతిశయానికి తనకే నవ్వొచ్చింది.

ఇలా ఆడితే గెలుపెక్కడిది అనిపించవచ్చు. కానీ ముఖేశ్ చేయి బలం కొలనులోని చేపలకే బాగా తెలిసింది. ఏళుమలై మర్యాదస్తుడు, బంతిని ఒక్కసారీ నొప్పించలేదు. తక్కిన జంటలు ఎప్పుడో వెనకబడ్డాయి. జయరామ మాత్రం ప్రతి గుంట దగ్గరా నడుం పట్టుకుని వంగి, గడ్డివాలు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, పట్టుదలగా ఆడాడు. ఎనిమిది గుంటలు అయ్యేసరికి రెండు జంటలూ సమానం. ఇక మిగిలింది ఒకటే.

ఆఖరి గుంట రిసార్ట్ వరండా ఎదురుగా ఉంది. ఆట ముగించినవాళ్ళంతా అక్కడ టీ కప్పులతో నిలబడి చూస్తున్నారు. జీవా ఉంది. సెల్వకుమార్ ఉన్నాడు, మెడలో ఈలతో. అరటి వరసల వెనక గట్టు మీద తువ్వాళ్ళు కట్టిన తలలు కనబడీ కనబడకుండా లేస్తున్నాయి, వంగుతున్నాయి. దొంగచాటుగా చూస్తున్నారన్నమాట.

జయరామ మొదటి దెబ్బ బాగా పడింది. రెండోది ఆమె కొట్టింది. బాగానే కొట్టింది గాని బంతి కొద్దిగా పక్కకు పోయి, పొడుగు గడ్డిలో ఆగింది. ముఖేశ్ వాళ్ళ బంతి ఇంకా వెనకే ఉంది. ఇప్పుడు జయరామ దాన్ని గుంట దగ్గరికి చేర్చగలిగితే చాలు, గెలుపు చేతికొచ్చినట్టే. ఆయన సంచీ దగ్గర నిలబడి ఏ కర్ర తీయాలా అని ఆలోచిస్తున్నాడు.

యోగలక్ష్మి బంతి దగ్గరికి వచ్చి చూసింది. బంతికి ఆనుకుని తుంగ. నల్లగా నిగనిగలాడుతూ, మూడు అంచుల కాడతో, బలిసి ఉంది. నిన్న తాము ఇటువైపు రాలేదు. రేపటికల్లా విత్తనం కడుతుంది. ఆమె వంగింది. రెండు వేళ్ళతో మొదలు పట్టి, కాస్త మెలితిప్పి లాగింది. తెగకుండా, అడుగున గడ్డతో సహా వచ్చింది. పక్కది కూడా పీకింది. మట్టి దులిపి కొంగులో వేసుకుని, తృప్తిగా లేచి నిలబడింది.

ఏళుమలై నాలుక కరుచుకున్నాడు. జయరామ చేతిలో కర్రతో అలాగే నిలబడిపోయి, బంతి పక్కన ఏర్పడిన శుభ్రమైన నేలను చూస్తున్నాడు.

ముఖేశ్ ముందు నవ్వాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆమెకు అర్థమైంది నవ్వు మాత్రమే. సెల్వకుమార్ పరిగెత్తుకొచ్చి తమిళంలో మొదలెట్టాడు. "సార్, ఆమె పని చేసుకునే మనిషి, ఆమెకేం తెలుసు? ఆమె చేసింది లెక్కలోకి తీసుకోకండి. లేనట్టే అనుకోండి సార్."

జయరామ ఆమె వైపు తిరిగాడు. ఆయన ముఖం వాడిపోయి ఉంది. "అమ్మా, ఆటలో బంతి పక్కన ఉండే గడ్డిని పీకగూడదు. పీకితే రెండు దెబ్బలు ఎక్కువేస్తారు. వీళ్ళు వదిలేద్దామంటా ఉండారు."

"ఓడిపోతామా సార్?"

"వేస్తే ఓడిపోయినట్టే."

ఆమె చూపు గట్టు వైపు పోయింది. తువ్వాళ్ళ తలలు ఇప్పుడు వంగడం లేదు, నిక్కి చూస్తున్నాయి. వదిలేద్దామని వాళ్ళే అంటున్నారు కదా. ఊ అంటే చాలు. కానీ ఆ నవ్వు చెవిలోంచి పోలేదు. లేనట్టే అనుకోండి అన్న మాట అసలు పోలేదు. ఇన్నాళ్ళూ గట్టు చాటున ఉన్నది అలాగే కదా, లేనట్టే.

"ఇదే తప్పు ఆ సార్ చేసింటే?" అని అడిగింది, ముఖేశ్‌ను చూపిస్తూ.

"రెండు దెబ్బలే."

"మీరు చేసింటే?"

"రెండే."

"అట్లయితే నాకూ రెండే వేయండి సార్."

జయరామ ఆమెను చాలాసేపు చూశాడు. కప్పంటే ఆయనకు ఎంత ఆశో ఆ చూపులోనే ఉంది. అయినా "సరి," అన్నాడు. "రెండు."

ఆయన కొట్టిన బంతి చక్కగా పోయి పట్టుగడ్డి ఎక్కింది. గుంటకు బారెడు దూరంలో ఆగింది. ఆ తర్వాతి దెబ్బ ఆమెది. గెలుపోటములతో పని లేదు, అయినా కొట్టాలి. బూట్లు విప్పి, ఒట్టి కాళ్ళతో గడ్డి మీదికి వచ్చి, కర్ర పట్టుకుని వంగింది.

వంగి, ఎందుకో తల ఎత్తింది. వరండాలో టీ కప్పులు పెదవుల దగ్గర ఆగిపోయాయి. జీవా ఒక మెట్టు దిగబోయి ఆగింది. నవ్విన ముఖేశ్ టోపీ చేత్తో పట్టుకుని కొయ్యలా నిలబడ్డాడు. సెల్వకుమార్ ఈల మీద చెయ్యి వేసుకుని, ఊపిరి బిగబట్టాడు. ఎవరూ కదలడం లేదు. ఎవరూ మాట్లాడ్డం లేదు. అందరూ ఆగింది తన కోసం! కలుపు తీసే యోగలక్ష్మి కర్ర కదిలించేదాకా ఇంత మంది పెద్దమనుషులు కదలకూడదు. గుడిలో హారతి వేళ కూడా ఇంత నిశ్శబ్దం ఆమె ఎరుగదు. తొందరపడబుద్ధి కాలేదు. గాలి ఒకసారి వీచి తగ్గేదాకా ఆగి, అప్పుడు కొట్టింది.

బంతి గుంట అంచుదాకా పోయి, లోపలికి తొంగి చూసి ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. జయరామ వచ్చి దాన్ని మెల్లగా లోపలికి తోసి, ఆమెకు చెయ్యి చాచాడు. ఆ చేతిని ఏం చేయాలో తెలియక ఆమె రెండు చేతులా నమస్కారం పెట్టింది.

కప్పు ముఖేశ్‌కు పోయింది. రాత్రి పని ముగిశాక ఊళ్ళకు పోయేందుకు ఒక బండి కావాలని ఏళుమలై కోరుకున్నాడు. మంచి కోరికే. జీవా ఒప్పుకుంది.

బస్సులో నంజమ్మ ఆమె పక్కన కూచోలేదు. దిగేటప్పుడు మాత్రం నిలబడి, "ఒక్క తుంగ పోచకు మమ్మల్నందర్నీ అమ్మేస్తివి కదే," అంది. అనేసి దిగిపోయింది. యోగలక్ష్మికి ఆ రాత్రి అన్నం సయించలేదు. అలాగని తను చేసింది తప్పనీ అనిపించలేదు. రెండూ నిజమే అయితే మనిషి ఎటు తిరిగి పడుకోవాలో తెలియలేదు.

మర్నాడు మళ్ళీ మామూలే. తలకు తువ్వాలు, చీర మీద చొక్కా, చేతిలో స్క్రూడ్రైవరు. రెండో గుంట దగ్గర వరసగా కూచుని కలుపు తీస్తున్నారు. నంజమ్మ వరసకు ఆ కొసన కూచుంది. వాళ్ళకు కాస్త అవతలే, పక్కగా, మూడో గుంటకు కొట్టే దిబ్బ. పొద్దు అప్పుడే కొండ ఎక్కింది. గొట్టాలు ఆగిపోయి గడ్డి తడితడిగా మెరుస్తోంది.

ఈల మోగింది. ఆడవాళ్ళు లేచారు. సెల్వకుమార్ ఆలస్యంగా ఊదినట్టున్నాడు, ఆటగాళ్ళు అప్పటికే వచ్చేశారు. ముఖేశ్, అతని స్నేహితులు ఇద్దరు. ముఖేశ్ బంతి పెట్టి, కర్ర సర్దుకుంటున్నాడు.

నంజమ్మ అప్పుడే గట్టు వైపు అడుగు వేసింది. యోగలక్ష్మి ఆమె మణికట్టు పట్టుకుంది.

"నిలబడు అత్తా. కొడతా ఉండాడు."

"విడువే, మేస్త్రి తిడ్తాడు!"

"కొట్టేటప్పుడు కదలగూడదు. మర్యాద కాదు."

నంజమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కాలు ఎత్తబోయి దించేసింది. తక్కినవాళ్ళు ఏమీ తోచక ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడ్డారు. సెల్వకుమార్ చేతులు ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. ఈ పని పోతే ఎండలో ఇంకో పని వెతుక్కోవాలి, అది యోగలక్ష్మికి తెలుసు. అయినా అరచెయ్యి కిందికి పెట్టి, ఆగమన్నట్టు చూపించింది. అతను దిబ్బ వైపు చూశాడు. ముఖేశ్ కర్ర వెనక్కి ఎత్తుతున్నాడు. సెల్వకుమార్ ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయాడు.

టక్!

"అయ్యో, అదో! అదో పోతా ఉంది!" నంజమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా పలికింది. ఆడవాళ్ళ తలలన్నీ ఒక్కసారే పైకి లేచాయి, ఒక్కసారే కుడికి తిరిగాయి. బంతి పామ్ చెట్లు దాటి, కొండ దాకా పోయినట్టు పోయి, వంగి, కొలనుకు ఇవతల పొదల్లో ఎక్కడో దిగింది.

సెల్వకుమార్ నోరు తెరిచాడు. ఏం తిట్టాలో అతనికి తోచేలోపల దిబ్బ మీద ముఖేశ్, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. బంతి ఎక్కడ పడిందో అతనికి కనబడలేదు. స్నేహితులను అడిగాడు. వాళ్ళకూ తెలియలేదు. అతని చూపు వెతుక్కుంటూ వెతుక్కుంటూ వచ్చి, గడ్డి మీద వరసగా నిలబడ్డ ఆడవాళ్ళ మీద ఆగింది.

యోగలక్ష్మి చెయ్యెత్తి చూపించింది. "అక్కడ సార్."